చమురు దేశంలో పెట్రోల్ క్యూ: తప్పు ఎవరిది?

లేగోస్_లెక్కలాయన
మొన్న సెలవులకి తెనాలి వెళ్ళాను. మా బావగారు అరుగు మీద కూర్చుని "మీ దేశంలో పెట్రోల్ మంచినీళ్ళ ధరకే దొరుకుతుందట కదా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

ఏడేళ్ళుగా నైజీరియాలోని లేగోస్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. 2022 ఫిబ్రవరిలో బయటి నుంచి దిగుమతి చేసుకున్న పెట్రోల్‌లో మిథనాల్ మోతాదు మించిందని సరుకంతా వెనక్కి తీసుకున్నారు. ఆ వారం మా డ్రైవర్ తెల్లవారుజామున మూడింటికి బంకు ముందు కారు పెట్టి అందులోనే నిద్రపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇరవై లీటర్లతో వచ్చాడు, ఏదో కప్పు గెలిచినవాడిలా. క్యాన్లు చేతపట్టుకుని రోడ్డు మీద బ్లాకులో అమ్మే కుర్రాళ్ళ దగ్గర రేటు మూడింతలు.

నైజీరియాలో చమురు దొరికింది 1956లో, ఒలోయిబిరి అనే పల్లెలో. ప్రభుత్వానివి నాలుగు రిఫైనరీలు ఉన్నాయి: పోర్ట్ హార్కోర్ట్‌లో రెండు, వారి అనే ఊళ్ళో ఒకటి, కడూనాలో ఒకటి. మొత్తం కలిపి రోజుకి 4,45,000 బ్యారెళ్ళ కెపాసిటీ. ఏళ్ళ తరబడి దాదాపు మూలనపడే ఉన్నాయి. ముడి చమురు పంపించి, పెట్రోల్ కొనుక్కోవడం.

దీనికంతటికీ కారణం లీడర్లేనా, ఇంకేమన్నా ఉందా? అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి. మా ఆఫీసు క్యాంటీన్‌లో రోజూ ఇదే గొడవ.

బందరు_లడ్డు
లీడర్లే. ఇందులో చర్చకేముంది. థ్రెడ్ క్లోజ్.

చల్లపులుసు
ఆఫ్రికా దేశం అంటేనే అంత బ్రో. వాళ్ళకి పని చేసే అలవాటు తక్కువ, ఊరికే వచ్చిన డబ్బు ఊరికే పోతుంది.

లేగోస్_లెక్కలాయన
@చల్లపులుసు మొదటిది, ఆఫ్రికా దేశం కాదు, 54 దేశాలు. రెండోది, మా ఆఫీసు తుడిచే ఆవిడ పొద్దున నాలుగింటికి లేచి రెండు బస్సులు మారి వస్తుంది. సాయంత్రం ఇంటి ముందు వేరుశనక్కాయలు వేయించి అమ్ముతుంది. పని అలవాటు గురించి ఆవిడతో మాట్లాడదామా?

చల్లపులుసు
సరే బాబూ, విత్‌డ్రా. ఎక్కడో చదివింది రాసేశాను.

కడూనా_మాస్టారు
నాది పాత కథ. 1981లో కడూనా వైపు ఒక సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పడానికి వెళ్ళాను. అప్పట్లో మన వాళ్ళు చాలామంది వెళ్ళారు, టీచర్లు, లెక్చరర్లు, డాక్టర్లు. ఒక నైరా, అంటే అక్కడి రూపాయి, ఇస్తే డాలర్ కన్నా ఎక్కువే వచ్చేది. నమ్మబుద్ధి కాదు కదా. మా ఊళ్ళో నన్ను "నైజీరియా మాస్టారు" అని పిలిచి పెళ్ళి సంబంధాలు తెచ్చేవారు.

తర్వాత చమురు ధర జారింది. జీతం రెండు నెలలు ఆలస్యం, తర్వాత నాలుగు నెలలు. ఇంటికి డబ్బు పంపడానికి పర్మిషన్లు దొరికేవి కావు. 1983 డిసెంబర్ 31న అధ్యక్షుడు షగారి ప్రభుత్వాన్ని సైన్యం దించేసింది. రేడియోలో బ్యాండు వాయిద్యం, ఆ తర్వాత ఒక బ్రిగేడియర్ ప్రకటన చదివాడు. చేతకాని, అవినీతి నాయకత్వం దేశాన్ని ముంచిందనీ, ఆసుపత్రుల్లో మందుల్లేవనీ. స్టాఫ్ రూములో మా హౌసా మిత్రులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ ప్రకటన చదివిన ఆయన పేరు సాని అబాచా.

గోదారిగట్టు
మాస్టారూ, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ అబాచాయేనా?

కడూనా_మాస్టారు
ఆ అబాచాయే. పదేళ్ళకి, 1993లో తనే గద్దెక్కాడు. 1998లో చనిపోయేదాకా దిగలేదు. తిన్నది మూడు నుంచి ఐదు బిలియన్ డాలర్లని అంచనా. సెంట్రల్ బ్యాంకు నుంచి భద్రతా అవసరాల పేరుతో నగదే తెప్పించుకునేవాడు. ఇప్పటికీ స్విట్జర్లాండ్ నుంచి, జెర్సీ ద్వీపం నుంచి ఆ డబ్బు విడతలవారీగా తిరిగి వస్తోంది. చచ్చాక కూడా దేశానికి డబ్బు పంపుతున్న ఏకైక నాయకుడు అని అక్కడి వాళ్ళ జోకు.

బందరు_లడ్డు
నేనేమన్నాను? లీడర్లే.

గోదారిగట్టు
ఆగు లడ్డూ. ఆ డబ్బు ఎక్కడ దొరికిందో చూశావా? స్విస్ బ్యాంకుల్లో. దొంగ ఒకడుంటే సరిపోదు, దొంగసొత్తు దాచిపెట్టేవాడూ కావాలి. టై కట్టుకుని, కాఫీ ఇచ్చి, "ఎన్ని మిలియన్లు సార్" అని అడిగినవాడిని ఎవరూ దొంగ అనరు.

కాంగో సంగతి తీసుకో. 1885 నుంచి 1908 దాకా ఆ దేశమంతా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. దేశం కాదు, ఎస్టేటు. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి డిగ్రీ చదివిన కాంగో వాళ్ళు ఇరవై మందికి మించి లేరంటారు. ఎన్నికైన ప్రధాని లుముంబాని ఏడు నెలలు తిరక్కుండా, 1961 జనవరి 17న చంపేశారు. ఆయన శరీరంలో మిగిలింది ఒక్క పన్ను. దాన్ని 2022లో బెల్జియం ఆ కుటుంబానికి తిరిగిచ్చింది. తర్వాత వచ్చిన మొబుటూని 32 ఏళ్ళు మోసింది ఎవరు? అమెరికా, బెల్జియం, ఫ్రాన్స్. సోవియట్ వైపు పోకుండా ఉంటే చాలు, ఎంత తిన్నా ఫర్వాలేదు. సొంత ఊరు గ్బాడోలైట్‌లో అడవి మధ్య కాంకార్డ్ విమానం దిగేంత రన్‌వే కట్టుకున్నాడు.

చెడ్డ లీడర్లు ఆకాశం నుంచి ఊడిపడరు. మంచివాడిని చంపేసి చెడ్డవాడిని కూర్చోబెట్టినవాళ్ళ లెక్క కూడా చూడాలి.

ఒంగోలు_గిత్త
ఒప్పుకుంటాను, కానీ ఎన్నాళ్ళు? 1960 నుంచి 65 ఏళ్ళు దాటింది. అత్తగారు కొట్టిందని కోడలు ముసలిదయ్యాక కూడా చెప్పుకున్నట్టుంది.

గోదారిగట్టు
@ఒంగోలు_గిత్త కోడలి మెడలో గొలుసు ఇంకా అత్తగారి బీరువాలోనే ఉంటే చెప్పుకోదా మరి?

చల్లపులుసు
ఈ ఒక్క లైన్‌కి నేను గోదారిగట్టు పార్టీ.

లుబుంబాషీ_కోడలు
నేనూ రాయొచ్చా? మా ఆయన ఉద్యోగం వల్ల లుబుంబాషీలో మూడేళ్ళున్నాం. కాంగోకి దక్షిణాన, రాగి, కోబాల్ట్ గనులుండే ప్రాంతం. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో నూటికి 70 పైగా ఆ దేశానిదే. మన ఫోన్లలో ఉండేది అదే.

అక్కడ మా ఇంట్లో కరెంటు రోజుకి ఆరేడు గంటలు. రోడ్డు మీద పగలూ రాత్రీ ఖనిజం లారీలు, బాన్నెట్ మీద దుమ్ము అంగుళం మందాన. ట్రాఫిక్ పోలీస్ ఆపుతాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. అయినా కదలనివ్వడు, మొహమాటంగా నవ్వుతాడు. రాజధాని కిన్షాసాలో ఈ లంచానికొక పేరుంది, "మదేసు యా బానా". లింగాలా భాషలో పిల్లలకి చిక్కుడు గింజలు అని అర్థం. మా పక్కింటావిడ చెప్పింది, ఆ కానిస్టేబుల్‌కి జీతం నెలల తరబడి రాదట, వచ్చినా పైవాళ్ళు కోసుకోగా మిగిలింది ఇస్తారట. కాబట్టి నిజంగానే పిల్లల చిక్కుడు గింజల కోసమే. మొదట్లో చిరాకు పడేదాన్ని. తర్వాత డాష్‌బోర్డులో చిల్లర పెట్టుకునేదాన్ని.

కొల్వేజీ ఊళ్ళో కసులో అనే పేటలో 2014లో ఇళ్ళ కింద కోబాల్ట్ రాయి దొరికింది. పేటంతా నడిమింట్లో, పెరట్లో గోతులు తవ్వేశారు. మంచం జరిపి గొయ్యి. గడ్డపార, తాడు, నుదుటికి టార్చి, అంతే. గొయ్యి కూలితే లోపలివాడు లోపలే. ఈ మాట విన్నాక చాలా రోజులు నాకు ఫోన్ చార్జింగ్ పెడుతుంటే ఏదోలా ఉండేది. ఇప్పుడు ఉండదు. అలవాటైపోయింది, అదే బాధ.

సైలెంట్_రీడర్
అక్కా, చివరి లైన్ దగ్గర ఆగిపోయాను.

కొత్తగూడెం_పిల్లోడు
మంచం జరిపి గొయ్యి అంటే అర్థమైంది. మా తాత అండర్‌గ్రౌండ్‌లో దిగేవాడు. మా దగ్గర బొగ్గు తీసినా, ఎంత తిట్టుకున్నా, కంపెనీ క్వార్టర్స్ ఉన్నాయి, ఆసుపత్రి ఉంది, యూనియన్ ఎన్నికలున్నాయి. సింగరేణి 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. లాభంలో వాటా దసరాకి కార్మికుల ఖాతాలో పడుతుంది, పడకపోతే లొల్లి లొల్లి. బూడిద, దుమ్ము మాకూ తప్పలేదు. కానీ అడగడానికి ఒక గేటు ఉంది, ఆ గేటు ముందు కూర్చుంటే ఎవడో ఒకడు బయటకొస్తాడు. అక్కడ అది లేదేమో.

ఒంగోలు_గిత్త
మన దగ్గర అంతా బంగారమా? ఇనుప ఖనిజం కోసం రాష్ట్రం సరిహద్దు రాళ్ళే జరిగిపోయాయన్న కేసు మర్చిపోయారా?

మోడరేటర్_2
లోకల్ రాజకీయాలకి వేరే విభాగం ఉంది. ఇక్కడికి తేవద్దు. కొత్తగూడెం_పిల్లోడు పోస్టు ఉంచుతున్నాను, పాయింటుకి సంబంధం ఉంది.

లేగోస్_లెక్కలాయన
@కొత్తగూడెం_పిల్లోడు గేటు అన్నావు చూడు, అక్కడే ఉంది కిటుకంతా.

నైజీరియాలో ప్రతి నెలా రాజధాని అబూజాలో పంపకాల మీటింగ్ జరుగుతుంది. చమురు డబ్బు, పన్నులు ఒక ఖాతాలో పడతాయి, కేంద్రం, 36 రాష్ట్రాలు, లోకల్ గవర్నమెంట్లు పంచుకుంటాయి. దాన్ని అక్కడ "నేషనల్ కేక్" అంటారు. కేక్ చేసేవాడి గురించి ఎవరూ మాట్లాడరు, కోసేవాడి గురించే. ఎగుమతుల సొమ్ములో నూటికి 80 పైగా చమురు, గ్యాస్‌వే. అంటే గవర్నర్‌కి తన ఊరి చేనేతవాడు, దుకాణంవాడు, రైతు బాగుపడాల్సిన అవసరమే లేదు. వాళ్ళు పన్ను కట్టకపోయినా నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది. మనం ఇంటి పన్ను కట్టి మున్సిపాలిటీని తిట్టినట్టు తిట్టే హక్కు కూడా వాళ్ళకి దక్కలేదు.

పోర్ట్ హార్కోర్ట్ రిఫైనరీ బాగుచేయడానికి 2021లో ఒకటిన్నర బిలియన్ డాలర్లు మంజూరు చేశారు. 2024 నవంబర్‌లో పాత యూనిట్ మొదలైందని పండగ చేశారు. 2025 మేలో మళ్ళీ మూసేశారు. ఈలోపు డాంగోటే అనే ప్రైవేటు ఆయన లేగోస్ పక్కన లెక్కీలో 6,50,000 బ్యారెళ్ళ రిఫైనరీ కట్టి 2024లో నడపడం మొదలెట్టాడు. అంటే ఆ దేశంలో రిఫైనరీ నడపడం రాదనేం కాదు.

కడూనా_మాస్టారు
సబ్సిడీ కథ కూడా చెప్పు నాయనా. నువ్వు చెబితే లెక్కలు సరిగ్గా ఉంటాయి.

లేగోస్_లెక్కలాయన
సరే మాస్టారూ. దిగుమతి చేసుకున్న పెట్రోల్‌ని చౌకగా అమ్మమని ప్రభుత్వం దిగుమతిదారులకి సబ్సిడీ ఇచ్చేది. ఓడ రాకుండానే వచ్చిందని కాగితం పెడితే చాలు. చౌక పెట్రోల్ కాస్తా సరిహద్దు దాటి బెనిన్‌కి పోయేది. అక్కడ రోడ్డు పక్కన గాజు సీసాల్లో పోసి అమ్ముతారు, మన దగ్గర పుట్టతేనె అమ్మినట్టు.

2012లో పార్లమెంటు కమిటీ విచారించి, మూడేళ్ళలో 6.8 బిలియన్ డాలర్లు గల్లంతని తేల్చింది. దేశమంతా ఆ కమిటీ ఛైర్మన్ ఫరూక్ లవాన్‌ని హీరో చేసింది. కొన్ని వారాలకే, ఒక చమురు వ్యాపారి పేరు జాబితాలోంచి తీసేయడానికి ఆయనే ఐదు లక్షల డాలర్లు పుచ్చుకున్నాడన్న గొడవ బయటపడింది. టోపీ కింద డాలర్లు దాచుకున్నాడని ఊరూరా జోకులు. 2021లో జైలుశిక్ష పడింది.

బందరు_లడ్డు
😂😂 టోపీ పెట్టడం అంటే మనకి వేరే అర్థం. ఆయన నిజంగానే పెట్టాడు.

గాబరోన్_అక్క
అందరూ ఒకే రంగు పూస్తున్నారు. నేను పద్నాలుగేళ్ళుగా బోట్స్వానాలో ఉన్నాను. ఇక్కడ మన తెలుగు అకౌంటెంట్లే ఒక బస్సుకి సరిపడా ఉంటారు.

1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు 12 కిలోమీటర్లు. పశువులు తప్ప ఏమీ లేదు. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు దొరికాయి. మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా బాంగ్వాటో తెగ రాజవంశంవాడు, వజ్రాలు దొరికింది తన తెగ భూమిలోనే. ఖనిజం తెగలది కాదు, దేశానిదని అప్పటికే చట్టం చేసి పెట్టాడు. తన వాళ్ళకే నష్టం అది. తర్వాత డీ బీర్స్ వజ్రాల కంపెనీతో సగం సగం వాటా దాకా బేరమాడి సాధించారు. ఆ డబ్బుతో బడులు, రోడ్లు, క్లినిక్‌లు. రేపటి కోసం 1994లో పులా ఫండ్ అని పక్కన పెట్టారు. పులా అంటే వాన. కరెన్సీ పేరూ అదే, ఎడారి దేశం కదా.

ఇంత చెప్పి స్వర్గం అనను. ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఇక్కడ ఘోరం. ల్యాబ్ వజ్రాలొచ్చి గిరాకీ పడిపోయింది, గనుల్లో ఉత్పత్తి తగ్గించారు. 2025 ఆగస్టులో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు లేక హెల్త్ ఎమర్జెన్సీ ప్రకటించారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ బీపీ మాత్రల కోసం మూడు క్లినిక్‌లు తిరిగింది, చివరికి నేనే కొనిచ్చాను. కానీ 2024లో, 58 ఏళ్ళు పాలించిన పార్టీని ఓటేసి ఇంటికి పంపారు. ఓడిన అధ్యక్షుడు లెక్కింపు పూర్తికాకముందే ఓటమి ఒప్పుకున్నాడు. వీధిలో ఒక్క రాయి పడలేదు. నేను ఆ రోజు మార్కెట్‌కి వెళ్ళి టమాటాలు కూడా తెచ్చుకున్నాను.

గోదారిగట్టు
అక్కా, బోట్స్వానా జనాభా పాతిక లక్షలు. నైజీరియా ఇరవై కోట్ల పైమాటే. పోలిక కుదరదు.

గాబరోన్_అక్క
@గోదారిగట్టు ఈక్వటోరియల్ గినీ జనాభా ఇరవై లక్షలు కూడా లేదు. 1979 నుంచి ఒబియాంగ్ ఒక్కడే అధ్యక్షుడు. చమురు బోలెడు. కొడుకు వైస్ ప్రెసిడెంట్, పారిస్‌లో భవనం, స్పోర్ట్స్ కార్లు, మైకేల్ జాక్సన్ గ్లవ్ కూడా కొన్నాడు. ఫ్రాన్స్ కోర్టు శిక్ష వేసింది. చిన్న దేశమైతే చాలనుకుంటే మరి అక్కడేమైంది?

గోదారిగట్టు
...గ్లవ్ దగ్గర దెబ్బ తగిలింది. ఒప్పుకున్నా.

సూపర్‌విజన్_సుబ్బు
ఒక చేతి గ్లవ్వేనా, రెండూనా? 😄

కడూనా_మాస్టారు
ప్రజల సంగతీ ఒకటుంది. జేమ్స్ ఇబోరి అని డెల్టా రాష్ట్ర గవర్నర్ ఉండేవాడు. ఒకప్పుడు లండన్‌లో ఇంటి రిపేరు సామాన్ల షాపులో క్యాషియర్. 2009లో నైజీరియా కోర్టు ఆయన మీదున్న 170 అభియోగాలూ కొట్టేసింది. 2012లో లండన్ కోర్టులో ఆయనే నేరం ఒప్పుకున్నాడు, 13 ఏళ్ళు. శిక్ష అయ్యాక 2017లో సొంత ఊరికి వస్తే మేళతాళాలతో ఎదురెళ్ళారు. మనవాడు, తింటే తిన్నాడు, మనకీ పెట్టాడు అని. కేక్ అన్నావు కదా నాయనా, మన వాటా మనవాడే తేగలడని వాళ్ళ లెక్క.

సూపర్‌విజన్_సుబ్బు
మాస్టారూ, ఇది వింటుంటే ఎక్కడో చూసినట్టే ఉంది. మోడరేటర్ గారూ, నేనేం పేరు చెప్పలేదు.

మోడరేటర్_2
చూస్తున్నా సుబ్బు.

ఒంగోలు_గిత్త
భారతీయులు అక్కడ ఏం చేస్తున్నారో ఎవరూ మాట్లాడట్లేదు. దక్షిణాఫ్రికాలో గుప్తా సోదరులు సహారన్‌పూర్ వాళ్ళే కదా. అప్పటి అధ్యక్షుడు జుమాతో స్నేహం పెట్టుకుని మంత్రుల్ని కూడా వాళ్ళే తేల్చే స్థాయికి వెళ్ళారు. 2013లో పెళ్ళికొచ్చే బంధువుల విమానాన్ని ఏకంగా మిలిటరీ ఎయిర్‌బేస్‌లో దించారు. దీని మీద విచారించిన జోండో కమిషన్ వేల పేజీల రిపోర్టు రాసింది. వాళ్ళేమో దుబాయ్ చేరారు.

లేగోస్_లెక్కలాయన
ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తున్నాను. థ్రెడ్ మొదలెట్టింది నేనే కాబట్టి చెప్పేస్తాను.

నా పుస్తకాల్లో "సైట్ మిసలేనియస్" అని ఒక హెడ్ ఉంది. పోర్టులో కంటైనర్ ఆగితే రోజుకింత డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది. కాగితాలన్నీ ఉన్నా తొమ్మిది రోజులు ఆగింది ఒకసారి. క్లియరింగ్ ఏజెంట్ ఫోన్ చేసి "ఓగా, ఎనీథింగ్ ఫర్ ద బాయ్స్?" అన్నాడు. ఓగా అంటే అక్కడ బాస్. కవరు వెళ్ళింది. కంటైనర్ సాయంత్రానికి బయటకొచ్చింది. ఓచర్ నేనే రాశాను, నా సంతకమే ఉంది. ఆడిటర్ ఆ హెడ్ దగ్గరికి వచ్చినప్పుడు టీ చెప్తాను.

చిన్న కవర్లు ఇవి. పెద్దవి కాగితం మీద శుభ్రంగా ఉంటాయి. ఇక్కడి ఖనిజాన్ని తక్కువ ధర వేసి వేరే దేశంలో ఉన్న సొంత కంపెనీకే అమ్మి, అక్కడి నుంచి అసలు ధరకి బయటివాళ్ళకి అమ్మడం. లాభం అక్కడ తేలుతుంది, ఇక్కడ గొయ్యి మిగులుతుంది. దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు తాబో ఎంబెకి అధ్యక్షతన ఒక ప్యానెల్ 2015లో చెప్పింది, ఇలాంటి అక్రమ దారుల్లో ఆఫ్రికా నుంచి ఏటా కనీసం 50 బిలియన్ డాలర్లు బయటకి పోతున్నాయని. అందులో పెద్ద వాటా లంచాలది కాదు, కంపెనీల లెక్కలది. అంటే నా లాంటి వాళ్ళు రాసే లెక్కలది.

చల్లపులుసు
అన్నా, ఇది పబ్లిక్ ఫోరం, జాగ్రత్త.

లుబుంబాషీ_కోడలు
డాష్‌బోర్డు చిల్లర నాది, కవరు మీది. సైజులే తేడా.

గోదారిగట్టు
ఇవ్వకపోతే ఏమయ్యేదన్నా? నిజంగా అడుగుతున్నా, వెటకారం కాదు.

లేగోస్_లెక్కలాయన
ఒకసారి మా పాత మేనేజర్ ఇవ్వనని పట్టుబట్టాడు. కంటైనర్ 23 రోజులు ఆగింది. సరుకు గడువు దాటింది. తర్వాత ఆ మేనేజర్‌ని ట్రాన్స్‌ఫర్ చేశారు. ఆయన ఇప్పుడు నాగపూర్‌లో ఉన్నాడు, హాయిగా. దీపావళికి మెసేజ్ పెడతాడు, "హౌ ఆర్ ద బాయ్స్" అని.

బందరు_లడ్డు
సరే, లీడర్లు, బ్యాంకులు, కంపెనీలు, మా లెక్కలాయన. లిస్టు పెంచాను.

సైలెంట్_రీడర్
టాపిక్ మారుస్తున్నందుకు సారీ. మా తమ్ముడికి లేగోస్ నుంచి ఆఫర్ వచ్చింది, స్టోర్స్ మేనేజర్. ఇదంతా చదివాక అమ్మకి టెన్షన్ మొదలైంది. వెళ్ళనివ్వొచ్చా?

లేగోస్_లెక్కలాయన
వెళ్ళనివ్వండి, మనుషులు మంచివాళ్ళు. పోయిన కరెంటు రెండు గంటలకి తిరిగి రాగానే వీధిలో పిల్లలంతా ఒకేసారి "అప్ నేపా" అని అరుస్తారు. నేపా అనే ఆ కరెంటు సంస్థ పేరు మారి ఏళ్ళయింది, అరుపు మాత్రం మారలేదు.

అమ్మగారికి చెప్పండి, ముందు ఆఫర్ లెటర్‌లో జీతం డాలర్లలోనా నైరాలోనా చూడమని. 2023 జూన్‌లో నైరా రేటుని మార్కెట్‌కి వదిలేసినప్పుడు డాలర్‌కి 460 దగ్గరున్నది ఏడాది తిరిగేసరికి 1,500 అయింది. నైరాలో జీతం తీసుకున్న మా ఇద్దరు కుర్రాళ్ళు ఇంటి లోన్ కట్టలేక వెనక్కెళ్ళిపోయారు.

సైలెంట్_రీడర్
లెటర్‌లో సగం డాలర్లు, సగం నైరా అని ఉంది. ఫ్లాట్, జనరేటర్ ఇస్తారట.

లేగోస్_లెక్కలాయన
జనరేటర్ అందరూ ఇస్తారు. డీజిల్ ఎవరు పోస్తారో అడిగి, రాతలో తీసుకోమనండి.